ముక్క విలువ ముక్కలో ఉందా?

ప్రోగ్రామింగు పాఠాలలో క్లాసు, ఆబ్జెక్టు అన్న మాటలను వివరించడానికి పేకముక్కను ఉదాహరణగా తీసుకోవడం పరిపాటి. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అనే నాలుగింటిలో ఒక రంగు, ఆసు మొదలు రాజు వరకు 13 స్థానాలలో ఒకటి: ఈ రెండూ తెలిస్తే ముక్క తెలిసినట్లే. అటువంటివి 52 చేరితే కట్ట. ఇంత సులువుగా కనిపించే ఈ నమూనాకు ఒక చరిత్ర ఉంది. అందులో ఒక చిక్కుప్రశ్న కూడా దాగి ఉంది.

క్లాసుకు పుట్టినిల్లు నార్వే. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె యోహాన్ దాల్, క్రిస్టెన్ నీగార్డ్ రూపొందించిన సిమ్యులా 67 భాషలో, 1967లో, ఈ భావన స్పష్టమైన రూపు దాల్చింది. వారి లక్ష్యం పేకాట కాదు; వాస్తవ వ్యవస్థల నడకను కంప్యూటరులో అనుకరించి చూడడం.

పేకముక్క వేరొక దారిన వచ్చింది. 1972లో దాల్, డైక్‌స్ట్రా, హోర్ ముగ్గురూ కలిసి వెలువరించిన 'స్ట్రక్చర్డ్ ప్రోగ్రామింగ్' గ్రంథంలో, దత్తాంశాల నిర్మాణాన్ని గురించి హోర్ రాసిన అధ్యాయంలో, పేకముక్కలు ఉదాహరణలుగా కనిపిస్తాయి. రంగులది ఒక సమితి, స్థానాలది మరొకటి. ఆ రెండింటి లబ్ధమే ముక్క. ఆ తరువాతి అధ్యాయంలో దాల్, హోర్ కలిసి సిమ్యులా క్లాసును వివరించారు. ఆ విధంగా ముక్కా క్లాసూ ఒకే పుస్తకంలో చోటు చేసుకున్నాయి. 2004లో జావా 5 వెలువడినప్పుడు, ఎనమ్ అనే కొత్త సదుపాయాన్ని వివరించిన అధికారిక పత్రం కూడా పేకముక్కలనే ఆశ్రయించింది.

ఇక చిక్కుప్రశ్న. రెండు ముక్కలలో ఏది పెద్దది? ఈ జవాబు ముక్కే చెప్పాలని తలచి, పోల్చే పద్ధతిని ముక్క క్లాసులోనే రాసేవారు ఎందరో. కాని రమ్మీలో ఆసు రాజు పక్కనా ఇముడుతుంది, రెండు పక్కనా ఇముడుతుంది. బ్లాక్‌జాక్‌లో దాని విలువ ఒకటి కావచ్చు, పదకొండూ కావచ్చు. తురుపు ఆటలలో తురుపు రంగు రెండు ముందు పరాయి రంగు ఆసు ఓడిపోతుంది. పంతొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో పుట్టిన జోకరుకైతే రంగే లేదు.

మన దేశపు గంజీఫా ఈ ప్రశ్నను మరింత పదును పెడుతుంది. 1527లో బాబరు సింధులోని షా హసన్‌కు గంజీఫా ముక్కలు పంపిన సంగతి బాబర్‌నామాలో ఉంది. మన నిర్మల్ చిత్రకారులు కూడా ఈ ముక్కలను చిత్రించినవారే. మొగలు గంజీఫాలో రంగులు 8, రంగుకు 12 చొప్పున ముక్కలు 96. రాజు, మంత్రి తరువాత నాలుగు రంగులలో పదిదే పైచేయి. మిగిలిన నాలుగింటిలో వరుస తలకిందులై, ఒకటి అన్ని అంకెలకంటె పెద్దదవుతుంది. పది అన్న గుర్తును మాత్రమే చూసి దాని బలం చెప్పలేము.

కనుక ముక్క మీద చిత్రించినది మాత్రమే ముక్కకు చెందుతుంది. పెద్దా చిన్నా అన్న తారతమ్యం ఆటకు చెందుతుంది. పోలికను ముక్కలోంచి తీసి ఆటకు అప్పగించినవాడు, రేపు కొత్త ఆట వచ్చినా ముక్క క్లాసును ముట్టుకోనక్కరలేదు. వస్తువులో సహజంగా ఉన్నదేది, మన నియమాలు దానికి అంటగట్టినదేది అని వేరుచేయడమే క్లాసు రాయడంలోని అసలు పని. ఆ పనిని ఆటగాళ్ళు శతాబ్దాల క్రితమే చేసి పెట్టారు.