నిట్ ఆంధ్రప్రదేశ్: సివిల్ ఇంజనీరింగ్ విభాగం

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెంలోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థ (నిట్)లో మొదటి నుంచీ ఉన్న విభాగాల్లో సివిల్ ఇంజనీరింగ్ ఒకటి. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం హామీ మేరకు ఈ సంస్థ 2015లో మొదలైంది. అప్పటికి సొంత భవనాలు లేవు. పెదతాడేపల్లిలోని శ్రీ వాసవి ఇంజనీరింగ్ కళాశాలలో తరగతులు నడిచాయి. 1959లో పుట్టిన వరంగల్ కళాశాల (నేటి వరంగల్ నిట్) తొలి ఏళ్లలో అండగా నిలిచింది. తర్వాత కడకట్ల దగ్గర, రెండో ప్రపంచయుద్ధ కాలపు విమానాల రన్‌వేను ఆనుకుని ఉన్న భూముల్లో శాశ్వత ప్రాంగణం వెలిసింది. తొలి బ్యాచ్ 2019లో చదువు పూర్తిచేసుకుంది.

సివిల్ చదువుకు ఇంతకన్నా తగిన చోటు అరుదు. ఉత్తరాన మెట్ట, దక్షిణాన డెల్టా. తాడేపల్లిగూడెం నుంచి ఉంగుటూరు మీదుగా ఏలూరు వైపు వెళ్తుంటే, బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1852లో ఆనకట్ట పూర్తిచేసిన ధవళేశ్వరం దగ్గరి గోదావరి నీటితో పారే ఏలూరు కాలువ తోడుగా వస్తుంది. కొల్లేరు వైపు దిగేకొద్దీ నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే ఆ నేల మీద పునాది సరిగా వేయకపోతే గోడ కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీటలిస్తుంది. అందుకే అక్కడ అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలను (పైల్స్), నేల కదలని లోతు దాకా దింపుతారు.