పాత స్పోర్ట్స్ కారుకు కొత్త టైర్లు: ఎంపిక వెనుక చరిత్ర

జాగ్వార్ ఇ-టైప్ 1961 మార్చిలో జెనీవా మోటార్ షోలో తొలిసారి జనం ముందుకు వచ్చింది. గంటకు 240 కిలోమీటర్లు అందుకుంటుందని కంపెనీ చెప్పుకున్న ఆ కారుకు వేసినవి డన్‌లప్ ఆర్‌ఎస్5 క్రాస్‌ప్లై టైర్లు, సైజు 6.40-15. మన మెకానిక్ షెడ్లలో 'నైలాన్ టైరు' అనేది ఈ రకాన్నే. ఇందులో దారపు పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా, ఎదురెదురు దిశల్లో పరుచుకుని ఉంటాయి. నేలను తాకే భాగానికీ పక్కగోడలకూ అవే పొరలు కాబట్టి గోడ వంగితే అడుగు కూడా కదులుతుంది. మలుపులో ఇలాంటి టైరు కాస్త ముందే జారడం మొదలుపెడుతుంది, కానీ ఆ జారుడు డ్రైవరు చేతికి తెలిసేంత నెమ్మదిగా వస్తుంది. ఆనాటి ఇంజనీర్లు ఈ స్వభావాన్ని లెక్కలోకి తీసుకునే సస్పెన్షన్ కుదిర్చారు. పాత కారుకు టైరు కొనేటప్పుడు ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం ఇదే.

నిజానికి అప్పటికే రేడియల్ బజారులో ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన మిషెలిన్ 1946లో దానికి పేటెంట్ తీసుకుని, 1949లో 'ఎక్స్' పేరుతో అమ్మకానికి పెట్టింది. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నిటారుగా వెళ్తాయి. అడుగుభాగం కింద ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. గోడ ఎంత వంగినా అడుగు నేలను వదలదు. టైరు చల్లగా నడుస్తుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. తొలి రోజుల్లో దీనికి రెండు లోపాలుండేవి: ఉక్కు పట్టీ గతుకుల దెబ్బను నేరుగా కారుకు అందించేది, పట్టు ఎక్కువే అయినా, వదిలితే ఒక్కసారిగా వదిలేది. ఇటలీలో పిరెల్లీ 1950ల్లో తెచ్చిన చింటురాటోలో ఉక్కుకు బదులు గుడ్డ పట్టీ వాడారు. దాని మెత్తదనం వేగంగా నడిపేవారికి నచ్చింది. లాంబోర్గిని మియురా వీటి మీదే నడిచింది. 1960ల చివరికి ఇ-టైప్ కూడా రేడియల్‌కు మారిపోయింది.

కాబట్టి ఆ కాలపు కారుకు టైరు ఎంచుకోవాలంటే అది ఏ రకం టైరు కోసం పుట్టిందో ముందు తెలియాలి. రెండు రకాలనూ కలిపి వాడడం మాత్రం ప్రమాదం. ముందు రేడియల్, వెనుక క్రాస్‌ప్లై ఉంటే ముందు చక్రాలు పట్టు నిలుపుకొని వెనుకవి జారతాయి, కారు గిర్రున తిరుగుతుంది. బ్రిటన్‌లో ఇలా అమర్చడం చట్టవిరుద్ధం.

సైజు చదవడం మరో పని. 1964 నాటి పోర్షే 911 టైరు 165 హెచ్‌ఆర్ 15. వెడల్పు 165 మిల్లీమీటర్లు, వేగం గంటకు 210 కిలోమీటర్ల వరకు, రేడియల్, రిమ్ము 15 అంగుళాలు. గోడ ఎత్తు ఎక్కడా రాయలేదు. రాయకపోతే అది వెడల్పులో దాదాపు 82 శాతం అని లెక్క. తర్వాత గోడ ఎత్తును వెడల్పులో శాతంగా చూపే 185/70 లాంటి రాతలు వచ్చాయి. 1973 కరెరా ఆర్‌ఎస్‌కు ముందు 185/70, వెనుక 215/60 వేశారు.

అసలు గెంతు పిరెల్లీ పి7తో వచ్చింది. లాంచియా స్ట్రాటోస్ ర్యాలీ కారు కోసం 1970ల మధ్యలో తయారైన ఈ టైరు గోడ వెడల్పులో సగమే. పోర్షే 911 టర్బో దీన్ని రోడ్డు మీదికి తెచ్చింది. 1978 నాటి లాంబోర్గిని కౌంటాష్ ఎల్‌పీ400 ఎస్ వెనుక చక్రాలకు 345/35 సైజు పి7లు వేశారు. ఇక అంతకు ముందటి కార్ల యజమానులకూ వెడల్పు టైర్ల మోజు పట్టుకుంది. దాని ఫలితం కాగితం మీదే తేలిపోతుంది. 165 హెచ్‌ఆర్ 15 టైరు మొత్తం ఎత్తు సుమారు 652 మిల్లీమీటర్లు. 205/50-15 ఎత్తు 586. తేడా పది శాతం. స్పీడోమీటరు 100 చూపిస్తుంటే కారు 90 దగ్గరే ఉంటుంది, ఇంజన్ మాత్రం ఎక్కువ తిరుగుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది. అందం పెరిగిందో లేదో గానీ, కారు తత్వం మాత్రం చెడుతుంది.

రిమ్ము కొలతలోనూ ఒక చిక్కు ఉంది. 1975లో మిషెలిన్ టీఆర్‌ఎక్స్ అనే కొత్త టైరు తెచ్చి, దానికి 390 మిల్లీమీటర్ల రిమ్ము పెట్టింది. అంగుళాల్లో అది 15.35, అంటే మామూలు టైరు ఏదీ దానికి ఎక్కదు. తొలినాటి ఫెరారీ టెస్టరోసాకు అదే వరుసలోని 415 మిల్లీమీటర్ల రిమ్ము వచ్చింది. ఈ పద్ధతి నిలవలేదు. ఇలాంటి కారు ఉన్నవారు మళ్లీ తయారుచేస్తున్న టీఆర్‌ఎక్స్ కొనాలి, లేదా చక్రాలే మార్చుకోవాలి.

అంగుళాల రిమ్ములు కూడా 16, 17, 18 అంటూ పెరిగాక, 15 అంగుళాల్లో వేగానికి తగిన టైర్లు దొరకడం కష్టమైంది. ఆ లోటు మీద ఒక ప్రత్యేక వ్యాపారం నిలబడింది. అమెరికాలో 1958లో మొదలైన కోకర్ టైర్ ఇందులో పెద్ద పేరు. మిషెలిన్, పిరెల్లీ కూడా పాత నమూనాలను మళ్లీ తయారు చేస్తున్నాయి. పైన గాళ్లు అప్పటివే, లోపలి రబ్బరు ఇప్పటిది. ధర ఎక్కువే అయినా, పాత సస్పెన్షన్‌కు సరిపడేది చాలాసార్లు ఇదే.

పాత కార్లు తక్కువ తిరుగుతాయి. టైరు అరగదు, కానీ ముదురుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ వల్ల రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. 2013లో నటుడు పాల్ వాకర్ మరణించిన ప్రమాదంలో పోర్షే కరెరా జీటీ టైర్లు తొమ్మిదేళ్ల నాటివని, అతివేగంతో పాటు వాటి వయసు కూడా కారణమని దర్యాప్తు అధికారులు తేల్చారు. పక్కగోడ మీద తయారీ వివరాలు తెలిపే డాట్ (DOT) సంఖ్య చివర 3519 అని ఉంటే టైరు 2019లో 35వ వారంలో తయారైందని అర్థం. ఈ నాలుగంకెల పద్ధతి 2000లో వచ్చింది. మూడంకెలే కనిపిస్తే ఆ టైరుకు పాతికేళ్లు దాటాయన్నమాట. అయిదేళ్లు వాడాక ఏటా నిపుణుడితో పరీక్ష చేయించాలని, తయారై పదేళ్లు నిండితే గాళ్లు ఎంత లోతుగా ఉన్నా మార్చాలని మిషెలిన్ సిఫారసు చేస్తోంది.