ఒంటిచేతి లెక్క: కాగితపు చుట్ట, స్ప్రింగు గొట్టం, మన చెంబు

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు బంధువులు వేసే ప్రశ్నలు వైద్యుడికి కంఠతా వచ్చి ఉంటాయి. ఎప్పటికి నడుస్తాడు, మాట ఎప్పటికి తేటపడుతుంది, పథ్యం ఏమిటి, కొబ్బరినీళ్ళు ఇవ్వవచ్చునా. పదిహేనేళ్ళ కిందట సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక మిరప రైతు మాత్రం తానే నన్ను దగ్గరకు పిలిచి, "కాలు రాకపోతే పోనీండి డాక్టరు గారూ, ఈ ఎడం చెయ్యి ఒక్కటి వచ్చేట్టు చూడండి" అన్నాడు. ఆయన కుడిచేయి చక్కగా పనిచేస్తోంది. అన్నం కలుపుకోగలడు, సంతకం చేయగలడు. ఎడమచేతి మీద అంత బెంగ ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. రెండు వారాల తరువాత మళ్ళీ చూపించడానికి వచ్చినప్పుడు ఆయన భార్య గొంతు తగ్గించి చెప్పింది. రాత్రిపూట అన్నం మానేశాడట. మంచినీళ్ళు కూడా గుక్కెడు తాగి ఊరుకుంటున్నాడట. దొడ్డికి వెళ్ళవలసి వస్తుందని భయం. వెళితే భార్య గాని కొడుకు గాని కడగాలి. కుడిచేత్తో తాను కడుక్కోవడం ఆయన ఊహకే అందని పని. ఆ చేత్తోనే గదా అన్నం తినేది.

ఈ వ్యాసం టాయిలెట్ పేపరు చుట్టను గోడకు పట్టి ఉంచే స్ప్రింగు హోల్డరు చరిత్ర. మన ఇళ్ళలో చాలామందికి అది హోటలు గదిలోనో, అమెరికాలో ఉన్న పిల్లల ఇంట్లోనో మాత్రమే కనిపించే వస్తువు. అయినా ఆ రైతు మాటతో ఎందుకు మొదలుపెట్టానంటే, ఈ వస్తువు చరిత్ర అంతా చివరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ పని ఒక్క చేత్తో అవుతుందా?

ముందు మన పద్ధతిని చూద్దాం. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో "చెంబు పట్టుకుని వెళ్ళాడు" అంటే ఎక్కడికని ఎవరూ అడగరు. కుడిచేయి చెంబును వంచుతుంది, ధార పడిన చోట ఎడమచేయి పనిచేస్తుంది. రెండు చేతులు, ఒక పాత్ర, ఒక ధార. శుభ్రత విషయంలో దీనికి సాటి లేదని వైద్యుడిగా నా అభిప్రాయం. మొలలు, పగుళ్ళు ఉన్నవారికి పొడికాగితం రాపిడి కన్నా నీరే మేలు. కాని ఈ పద్ధతికి రెండు షరతులు ఉన్నాయి. చేతులు రెండూ పనిచేయాలి, చెంబు చేతికందే చోట ఉండాలి. రైలు పెట్టెల్లో స్టీలు మగ్గును గొలుసుతో కట్టి ఉంచడం చూశాము కదా. దొంగతనం సంగతి అటుంచితే, అది కూడా ఒక విధమైన హోల్డరే: వస్తువు కూర్చున్న మనిషికి అందుబాటులో ఉండాలనే ఆలోచన. గొలుసు పొడవు చాలక పడే అవస్థ గురించి ప్రయాణికులు వేసుకునే హాస్యాలు మీరూ వినే ఉంటారు.

మరొక సంగతి మా ప్రాంతానికే ప్రత్యేకం. నీటి పద్ధతిలో పనిముట్టు వట్టిచేయి. ఆ చేతికి ఏది అంటి ఉంటే అది లేత చర్మం మీదికి చేరుతుంది. మిరపకోతల కాలంలో కూలీలు, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ళు మంటతో పరుగెత్తుకు రావడం మాలో చాలామంది వైద్యులకు అనుభవమే. మిరపలోని ఘాటు పదార్థం కాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. కాబట్టి వట్టి నీళ్ళతో చేతులు తడుపుకుంటే ప్రయోజనం లేదు. కాస్త వంటనూనె రాసి, గుడ్డతో తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడగాలి. అదీ దొడ్డికి వెళ్ళి వచ్చాక మాత్రమే కాదు, వెళ్ళే ముందు కూడా.

ఇక కాగితం సంగతి. కాగితాన్ని ఈ పనికి మొదట వాడినది చైనీయులు. క్రీ.శ. 589 ప్రాంతంలో యాన్ జితుయ్ అనే పండితుడు, శాస్త్రగ్రంథాల వాక్యాలూ మహనీయుల పేర్లూ ఉన్న కాగితాన్ని మరుగుదొడ్డిలో వాడే సాహసం తనకు లేదని రాసుకున్నాడు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మన ఇళ్ళవారికి ఆయన మనసు సులువుగానే అర్థమవుతుంది. 851లో చైనా విశేషాలు రాసిన ఒక అరబ్బు యాత్రికుడు, అక్కడివారు నీళ్ళతో కడుక్కోరు, కాగితంతో తుడుచుకుంటారు అని ఆశ్చర్యపోయాడు. నేడు అమెరికా వెళ్ళిన మన తల్లిదండ్రులు మొదటి వారంలో ఫోనులో చెప్పే మాట కూడా దాదాపు ఇదే. 1393 నాటికి చైనా రాజదరబారు అవసరాలకు ఏడాదికి 7,20,000 కాగితాలు తయారుచేసినట్టు లెక్కలు ఉన్నాయి.

అమెరికాలో దుకాణాల్లో ఈ కాగితం అమ్మకం 1857లో మొదలైంది. న్యూయార్కు వ్యాపారి జోసెఫ్ గయెట్టీ కలబంద పూసిన విడికాగితాలను కట్టలు కట్టి, 500 కాగితాలు 50 సెంట్లకు అమ్మాడు. ప్రతి కాగితం మీదా తన పేరు నీటిముద్రగా వేయించుకున్నాడు. ఆ గౌరవం ఎందుకు కోరుకున్నాడో ఆయనకే తెలియాలి. ఇది మొలలను నివారిస్తుందని ప్రచారం చేశాడు. మొలలకు మూలం మలబద్ధకమూ ముక్కడమూ గాని కాగితం కాదు. ఆ ప్రచారాన్ని ఆనాటి వైద్యులు కొందరు ఎగతాళి చేయడం న్యాయమే. కాగితం నునుపు విషయంలో మాత్రం ఆయన భయం పూర్తిగా నిరాధారం కాదు. 1935లో కూడా అమెరికాలో ఒక కంపెనీ తన కాగితంలో కొయ్యపేళ్ళు ఉండవని ప్రకటించుకుని అమ్మింది. అంటే అంతకు ముందు ఉండేవన్నమాట.

విడికాగితం చుట్టగా మారడంలో ముఖ్యుడు న్యూయార్కు రాష్ట్రంలోని ఆల్బనీకి చెందిన సెత్ వీలర్. సరుకులు చుట్టే కాగితాన్ని వరుసగా చిల్లులు పొడిచి సులువుగా చిరిగేలా చేయడం మీద ఆయన 1871లో పేటెంటు పొందాడు, 1877లో కంపెనీ పెట్టాడు. 1891 నాటి పేటెంటు బొమ్మలో కాగితపు కొస చుట్ట పైనుంచి ముందుకు వేలాడుతూ కనిపిస్తుంది. చుట్ట కొస పైనుంచి రావాలా, గోడవైపు నుంచి రావాలా అని అమెరికా ఇళ్ళలో జరిగే వాదనకు ఆ బొమ్మను సాక్ష్యంగా చూపుతుంటారు. వైద్యుడి కోణంలో పైనుంచి రావడమే మేలు; వేళ్ళు గోడను తాకవు.

వీలర్ చిల్లుల వరుస వల్ల జరిగిన అసలు మేలు వేరు. అంతకుముందు కాగితం చింపాలంటే రెండు చేతులు కావాలి. చుట్టను గోడకు బిగించి, కాగితానికి చిల్లులు పెట్టేసరికి ఒక చేయి చాలు. కాని అది జరగాలంటే హోల్డరు ఒక సున్నితమైన పని చేయాలి. మెల్లగా లాగితే చుట్ట తిరగాలి, గబుక్కున లాగితే తిరగకుండా ఆగి కాగితాన్ని చిల్లుల దగ్గర తెగనివ్వాలి. మరీ తేలికగా తిరిగితే కాగితం మూరల కొద్దీ నేలమీద పడుతుంది. మరీ బిగుసుకుంటే అక్కరలేని చోట చిరుగుతుంది. అవసరమైనది కాస్తంత రాపిడి మాత్రమే.

దీనికి కుదురుకున్న పరిష్కారం మనం చూసే స్ప్రింగు గొట్టం. ఒకదానిలో ఒకటి దూరే రెండు చిన్న గొట్టాలు, లోపల నొక్కుడు స్ప్రింగు ఒకటి, రెండు చివరలా రెండు మొనలు. గోడకు బిగించిన రెండు కొమ్మల లోపలివైపు చిన్న గుంటలు ఉంటాయి. గొట్టాన్ని నొక్కితే పొట్టిదవుతుంది, గుంటల మధ్య పెట్టి వదిలితే స్ప్రింగు సాగి మొనలను గుంటల్లోకి తోస్తుంది. మేకు లేదు, మర లేదు. స్ప్రింగు నొక్కుడు వల్లనే మొనల దగ్గర ఆ కాస్త రాపిడి కూడా పుడుతుంది. చుట్టలోని అట్టగొట్టం స్ప్రింగు గొట్టం కన్నా వెడల్పుగా ఉండి దానిమీద వదులుగా వాలి ఉంటుంది, ఆ వాలడంలో మరికొంత. ఇంత చవక వస్తువులో ఇంత పొందిక చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

చిక్కల్లా స్ప్రింగు బలంలో ఉంది. బలహీనమైతే చుట్ట తగిలిన ప్రతిసారీ ఊడి పడుతుంది. గట్టిదైతే కీళ్ళవాతం ఉన్న ముసలమ్మ నొక్కలేదు. అన్నిటినీ మించినది, చుట్ట మార్చేటప్పుడు గొట్టాన్ని నొక్కి పట్టుకోవడానికి ఒక చేయి, చుట్టను నిలబెట్టడానికి మరో చేయి కావాలి. కాగితం తీసుకోవడానికి ఒక చేయి చాలన్న పరికరం, కాగితం అయిపోయిన రోజు రెండు చేతులు అడుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళు గీసిన బొమ్మల్లో ఈ లోపం చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

పట్టించుకున్నవారిలో ఒకరిని ఇక్కడ తలచుకోవాలి. మేరీ బియాట్రిస్ డేవిడ్సన్ కెన్నర్, 1912లో ఉత్తర కరొలైనాలో పుట్టిన నల్లజాతి మహిళ. డబ్బు చాలక విశ్వవిద్యాలయం చదువు మానుకుంది, తరువాత వాషింగ్టన్‌లో పూల దుకాణం నడిపింది. స్త్రీల నెలసరికి పనికివచ్చే ఒక నడికట్టు మీద 1956లో ఆమెకు పేటెంటు వచ్చింది. దాన్ని తయారుచేస్తామని ముందుకు వచ్చిన ఒక సంస్థ, ఆమె నల్లజాతి స్త్రీ అని తెలియగానే వెనుదిరిగింది. ఆమె చెల్లెలు మిల్డ్రెడ్‌కు నాడులను కృశింపజేసే మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బు. నడక ఊతానికి తగిలించే పళ్ళెమూ సంచీ కెన్నర్ ఊహించినవే. 1982లో టాయిలెట్ పేపరు హోల్డరు ఒకదానికి కెన్నర్‌కు పేటెంటు వచ్చింది. కాగితపు కొస ఎప్పుడూ ఒకే చోట, చేతికి దొరికేలా ఉంచడం దాని పని. కొస చుట్టకు అతుక్కుపోతే గోళ్ళతో వెతికి తీయడం మనకు విసుగు మాత్రమే. వేళ్ళు స్వాధీనంలో లేనివారికి అది అక్కడే ఆగిపోవడం.

కెన్నర్ పేటెంటు వచ్చిన ఎనిమిదేళ్ళకు, 1990లో, అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద 2010లో వెలువడిన ప్రమాణాలు చదివితే విస్మయం కలుగుతుంది. హోల్డరు కమోడు ముందు అంచుకు 7 నుంచి 9 అంగుళాలు ముందుగా ఉండాలి. కాగితం బయటికి వచ్చే చోటు నేలకు 15 అంగుళాలకు తగ్గకుండా, 48 అంగుళాలకు మించకుండా ఉండాలి. ఒక్కొక్క ముక్కే ఇచ్చి మిగతాది బిగపట్టే రకం పనికిరాదు. మీటలూ కుళాయిలూ వంటివి ఒక్క చేత్తో, గట్టిగా పట్టకుండా, మణికట్టు తిప్పకుండా, 5 పౌండ్ల బలానికి మించకుండా పనిచేయాలి. ఒక దేశం చట్టం కూర్చున్న మనిషి చేయి ఎంతవరకు చాపగలదో కొలిచి చూసిందన్నమాట.

ఈ కాగితం, ఈ హోల్డరు మన ఊళ్ళకు యథాతథంగా వస్తే మాత్రం నిలవవు. మన స్నానాల గది తడిగది. బకెట్టుతో నీళ్ళు కుమ్మరించుకుంటాము. స్ప్రింగు తుప్పు పడుతుంది, కాగితం ముద్దవుతుంది. అందుకే మన దగ్గర అమ్మే హోల్డర్లకు పైన స్టీలు రేకు మూత ఉంటుంది. నీళ్ళ చెమ్మను ఆపడం దాని మొదటి పని. చుట్ట మీద బరువుగా వాలి బ్రేకులా పనిచేయడం రెండోది. ఆ మూత చాటు హోల్డర్లలో చాలావాటికి స్ప్రింగే లేదు, ఒకవైపు తెరచి ఉన్న కొమ్మ మాత్రమే. చుట్టను ఒక్క చేత్తో దూర్చవచ్చు. పక్షవాతం వచ్చినవారి ఇంట్లో నేను సూచించేది ఈ రకమే. కాగితాన్ని గుంతల మరుగుదొడ్డిలో మాత్రం వేయకండి, విడిగా మూత ఉన్న డబ్బాలో వేయండి. నల్లరేగడిలో నీరు అసలే నెమ్మదిగా ఇంకుతుంది.

మన పద్ధతికి తగిన స్ప్రింగు వేరే దారిన వచ్చింది. అమెరికాలో ఆర్నాల్డ్ కోహెన్ అనే ఆయన జబ్బుపడిన తన తండ్రి కోసం నీళ్ళు చిమ్మే కమోడు సీటు తయారుచేసి 1960ల్లో అమ్మాడు. ఆ సీటును జపాను కంపెనీ టోటో దిగుమతి చేసుకుంది, మెరుగుపరచి 1980లో వాష్‌లెట్ పేరుతో విడుదల చేసింది. మన ఇళ్ళలో గోడకు వేలాడే హెల్త్ ఫాసెట్ దీనికన్నా చాలా సాదా వస్తువు. మీట నొక్కితే ధార, వదిలితే లోపలి స్ప్రింగు ధారను మూసేస్తుంది. ఒక్క చేయి చాలు, ఆ చేయి చర్మాన్ని దాదాపు తాకనక్కర లేదు. చెంబులోని రెండు చేతుల పనిని అది ఒక చేతికి కుదించింది. మన బోరు నీళ్ళు ఉప్పన. కొన్నాళ్ళకు మీటలో తెల్లటి గార పేరుకుని నొక్కడం కష్టమవుతుంది. నెలకొకసారి నిమ్మరసమో వెనిగరో కలిపిన నీళ్ళలో నానబెడితే వదులుతుంది.

ఆ రైతు ఇంట్లో కమోడు, హెల్త్ ఫాసెట్ పెట్టించమని చెప్పి పంపాను. నెల తరువాత కొడుకు ఒక్కడే వచ్చి, లాభం లేదండీ, నాన్న వాడడం లేదు అన్నాడు. ఏ పక్కన పెట్టారని అడిగాను. పైపు ఎడమగోడలో ఉందని మేస్త్రీ అక్కడే బిగించాడట. పలకలు పగలగొట్టి కుడిపక్కకు మార్చమన్నాను. ఖర్చు గురించి కాస్త గొణిగాడు గాని మార్పించాడు.

తరువాతిసారి ఆ పెద్దాయన కర్ర ఊతంతో తానే లోపలికి వచ్చాడు. బరువు మూడు కిలోలు పెరిగింది. ఎడమచేయి అలాగే ఉంది, దాని ప్రస్తావన తేలేదు. కుర్చీలో కుదురుగా కూర్చుని, "ఇక ఈ కాలు సంగతి చూడండి డాక్టరు గారూ" అన్నాడు.