బేగంపేట అంకె, ఉప్పల్ చలి

1946 జనవరి 8న బేగంపేటలో కనిష్ఠ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. హైదరాబాద్ రికార్డుల్లో అంతకు మించిన చలి ఈనాటికీ లేదు. ఏటా చలికాలం రాగానే పత్రికల్లో, టీ కొట్ల దగ్గర, ఉష్ణోగ్రతల లెక్కలు చూసుకునే కుర్రాళ్ల ఫోన్లలో ఈ అంకె ఒక్కసారైనా పలుకుతుంది. ఉప్పల్‌లో తెల్లారుజామున పది డిగ్రీలు నమోదైందని వాళ్లు సంబరంగా చెబితే, "మా చిన్నప్పటి ఇగం ముందు ఇదేపాటి" అని నాచారంలోని పెద్దవాళ్లు కొట్టిపారేస్తారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే వాళ్లు మాట్లాడుకునే చలులు ఒకే చోటివి కావు, ఒకే పరికరంతో కొలిచినవీ కావు. వాటిని పక్కపక్కన పెట్టి చూడాలంటే ఈ కొలతలు ఎక్కడ పుట్టాయో, ఎలా పెరిగాయో ముందు తెలియాలి.

తెలుగు గడ్డ మీద ఈ పనికి సొంత డబ్బు, సొంత ఆసక్తి పెట్టిన మొదటివాళ్లలో గోడే వెంకట జగ్గారావు ఒకరు. మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర పని నేర్చుకొచ్చిన ఆయన 1840లో విశాఖపట్నంలోని తన ఇంట్లోనే వేధశాల కట్టుకున్నారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నిలబెట్టారు. గ్రహణాలు, గ్రహాల కదలికలతో పాటు వాన, గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రతలు కూడా ఆయన పద్దులోకి ఎక్కాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడే నాటికే విశాఖలో ఈ రివాజు ఉంది. ఇవాళ తెల్లారకముందే లేచి అంకెలు రాసుకునే మన కుర్రాళ్లకు వంశకర్త ఎవరంటే నేను నరసింగరావు పేరే చెబుతాను.

హైదరాబాద్‌లో కథ నవాబ్ జఫర్ జంగ్‌తో మొదలవుతుంది. 1901లో ఆయన పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి బేగంపేటకు చేరింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కలిసింది. నక్షత్రాల పటాలు తయారుచేయడం దాని పెద్ద పని. వాతావరణ పరిశీలనలు దాని వెంట నడిచాయి. తర్వాత వాతావరణ శాఖ కేంద్రం కూడా బేగంపేటలోనే నిలదొక్కుకోవడంతో, నగరం మొత్తానికి బేగంపేట అంకే 'హైదరాబాద్ ఉష్ణోగ్రత' అయింది. ఉప్పల్ పాత చలిని మనం అంచనా కట్టేది కూడా ఆ అంకెతోనే.

ఆ అంకె ఎలా పుడుతుందో దగ్గరగా చూడాలి. నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తులో, గాలి ఆడే చువ్వల తెల్లటి చెక్కపెట్టె ఉంటుంది. దాన్ని స్టీవెన్సన్ పెట్టె అంటారు. అందులో కనిష్ఠ ఉష్ణోగ్రతమాపకం పడుకోబెట్టి ఉంటుంది. దాని గొట్టంలో పాదరసం బదులు ఆల్కహాల్, అందులో మునిగి ఒక సన్నటి పుల్ల. చలి పెరిగి ఆల్కహాల్ ముడుచుకునే కొద్దీ దాని అంచు పుల్లను వెనక్కి లాక్కుపోతుంది. పొద్దెక్కి ఆల్కహాల్ మళ్లీ పొంగినా పుల్ల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ఉదయం 8:30కి వచ్చిన ఉద్యోగి ఆ పుల్ల కొస ఏ గీత దగ్గర ఆగిందో చూసి రాసుకుని, గొట్టాన్ని వంచి పుల్లను తిరిగి అంచుకు చేరుస్తాడు. రాత్రంతా ఎవరూ మేల్కొని ఉండక్కర్లేదు. 1946లోని 6.1 కూడా ఇలాంటి కొలతే. అది గాలి ఉష్ణోగ్రత. గడ్డి మీద, రేకుల కప్పు మీద అదే రాత్రి ఇంకా తక్కువే ఉంటుంది.

అప్పటి ఉప్పల్ నగరంలో భాగం కాదు. మూసీ ఒడ్డున మాగాణి, తోటలు, చెరువులు ఉన్న ఊరు. నాచారం పక్క పల్లె. చుట్టూ తెరిపి పొలాలు, పైన మబ్బులేని ఆకాశం ఉంటే నేల రాత్రికి రాత్రే తన వేడిని పైకి వదిలేస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి పల్లానికి, అంటే మూసీ వైపు జారుతుంది. సముద్రమట్టానికి సుమారు అయిదు వందల మీటర్ల ఎత్తున్న దక్కన్ పీఠభూమికి ఇది మామూలే. హిమాలయాల మీదుగా పడమటి అలజడులు దాటిపోయి, వాటి వెనుక పొడి ఉత్తర గాలి మధ్యభారతం మీదుగా తెలంగాణలోకి దిగితే ఇక చలి పంజా విసురుతుంది. ముందు ఆదిలాబాద్ వణుకుతుంది, తర్వాత మెదక్, ఆ తర్వాత మనం.

ఆ రోజుల్లో గొంగడి కురుమల ఇళ్లలోనే కాదు, ప్రతి రైతు భుజం మీదా ఉండేది. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో నేసిన ఆ గొంగడి వానకూ చలికీ ఒకటే. తెల్లారుజామున గడ్డీ చెత్తా పోగేసి వేసిన చలిమంట చుట్టూ వాడంతా చేరేది. పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదన్నారు, శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్నారు. ఆ మాటలు కట్టినవాళ్లకు డిగ్రీలు తెలియవు గాని చలి ఎప్పుడు ఎక్కుతుందో, ఎప్పుడు దిగుతుందో కచ్చితంగా తెలుసు. పెద్దవాళ్ల జ్ఞాపకాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే వాళ్లు చెప్పే చలిలో ఇంటి కప్పు సందులు, పల్చటి దుప్పటి, వాకిట్లో నిద్ర, చెరువు కట్ట మీద నడక కూడా కలిసి ఉన్నాయి. వీటిలో ఏదీ స్టీవెన్సన్ పెట్టెలోకి ఎక్కదు.

ఇక అసలు విశేషం ఉప్పల్ దారిలోనే ఉంది. హబ్సిగూడ దగ్గరి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అందరి నోటా ఎన్‌జీఆర్ఐ, 1961లో మొదలైంది. భూమి లోపలి వేడిని కొలిచే పని ఆ దశాబ్దంలోనే అక్కడ ఊపందుకుంది. మొదట వాళ్లు వెతికింది గతించిన చలిని కాదు, గనుల లోతుల్లోని ఉష్ణాన్ని. పొడవాటి తీగ చివర థర్మిస్టర్ కట్టి బోరులోకి మెల్లగా దించుతారు. కొన్ని మీటర్లకోసారి ఆపుతారు. అంకె నిలకడగా నిలిచాక రాసుకుంటారు. డిగ్రీలో నూరో వంతు తేడా కూడా వదలరు. దక్కన్ గ్రానైటులో లోతుకు పోయేకొద్దీ వంద మీటర్లకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున వేడి పెరగాలి, గీత గీస్తే సూటిగా రావాలి. కానీ చాలా బోర్లలో పై వంద నూట యాభై మీటర్ల మేర ఆ గీత వేడి వైపు వంగి కనబడింది.

ఆ వంపులోనే పాతకాలం వాతావరణం ఉంది. పొయ్యి మీది గరిటెలో వేడి పిడిదాకా నెమ్మదిగా పాకినట్టు, నేల మీది మార్పు రాతిలోకి కొంచెం కొంచెంగా దిగుతుంది. పగలూ రాత్రి తేడా మీటరు లోతు చేరేసరికి దాదాపు మాసిపోతుంది. ఎండాకాలం చలికాలం తేడా పదిహేను ఇరవై మీటర్లకు మించి పోదు. ఒక శతాబ్దం పాటు నిలిచిన మార్పు మాత్రం వంద మీటర్లు దాటి దిగుతుంది. ఈ వంపును లెక్కగట్టి ఎన్‌జీఆర్ఐకి చెందిన సుకాంత రాయ్, ఆర్.యు.ఎం. రావు, అమెరికా శాస్త్రవేత్తలు హారిస్, చాప్‌మన్‌లతో కలిసి 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. భారతదేశంలో నేల ఉపరితలం గడిచిన నూట యాభై ఏళ్లలో సగటున సుమారు 0.9 డిగ్రీలు వేడెక్కిందని అందులో తేల్చారు. తర్వాత చౌటుప్పల్‌లోని సంస్థ ప్రాంగణంలో గాలి వేడినీ, వేర్వేరు లోతుల్లో నేల వేడినీ ఒకేచోట కలిపి నమోదు చేసే ఏర్పాటు జరిగింది. గాలి మారితే నేల ఎంత మేరకు దాన్ని పట్టుకుంటుందో తేల్చడానికి అది అవసరం.

నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి ఒకటుంది. 1946 జనవరి 8 రాత్రి నేలలో ఎక్కడా లేదు. ఏ బోరులో వెతికినా ఆ 6.1 దొరకదు, ఎందుకంటే ఒక్క రాత్రి చలిని రాయి నిలుపుకోదు. అది నిలుపుకునేది తరాల సగటును. మనుషుల జ్ఞాపకం సరిగ్గా దీనికి తలకిందులు: గడ్డకట్టించిన ఒక్క రాత్రి డెబ్బై ఏళ్లు గుర్తుంటుంది గాని సగటు గుర్తుండదు. అందుకే "అప్పటి చలి ఇప్పుడు లేదు" అన్న మాటను ఒక రికార్డుతో రుజువు చేయలేం, ఒక రికార్డుతో కొట్టెయ్యనూ లేం.

దేశం సగటు 0.9 అయితే ఉప్పల్‌లో రాత్రులు మారింది దానివల్ల మాత్రమే కాదు. నాచారంలో పారిశ్రామికవాడ వచ్చింది, రేకుల షెడ్లు లేచాయి, కాలనీలు పరుచుకున్నాయి. 2007లో ఉప్పల్ పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2017లో మెట్రో నాగోల్ దాకా నడిచింది. ఒకప్పటి తోటల భూములైన ఉప్పల్ భగాయత్ లేఅవుటై, 2019లో అక్కడి ప్లాట్లు వేలానికి వచ్చాయి. సిమెంటు, తారు పగలు తాగిన ఎండను రాత్రంతా వదులుతూ ఉంటాయి. ఎత్తైన గోడల మధ్య ఆకాశం కనబడే మేర తగ్గిపోతే వేడి పైకి పోయే దారీ తగ్గుతుంది. ఆవిరై చల్లబరచడానికి తడి నేల లేదు. దీని దెబ్బ పగటి కన్నా రాత్రి కనిష్ఠం మీదే ఎక్కువ. అంటే నగరం మొదట మింగేది చలినే.

హిమపాతం సంగతి కూడా ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. హైదరాబాద్‌లో హిమం కురిసిన దాఖలా లేదు, ఉండే వీలూ తక్కువ. ఇక్కడ చలి ముదిరేది ఆకాశం తేటగా, గాలి పొడిగా ఉన్న రాత్రుల్లో. మబ్బు వస్తే అది దుప్పటై రాత్రిని వెచ్చబరుస్తుంది. కురవడానికి తేమ ఉన్నప్పుడు గడ్డకట్టే చలి ఉండదు, చలి ఉన్నప్పుడు తేమ ఉండదు. తెలుగువాళ్లకు గడ్డకట్టిన మంచు చూపించేది అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఆ లోయలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పోయిన తెల్లవారుజాముల్లో గడ్డి పరకల మీద తెల్లటి పొర కడుతుంది. అది పైనుంచి రాలింది కాదు, నేల మీదే పేరుకున్నది. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి వీధులు తెల్లగా పరుచుకున్నప్పుడు కశ్మీర్‌లా ఉందన్నారు. అది వడగళ్ల వాన, వేసవి మొదట్లో వచ్చే ఉరుముల మబ్బు పని. రైతుకు అది నష్టమే.

చలిలోనూ రెండు రకాలున్నాయి. 2018 డిసెంబర్ 17న ఫెథాయ్ తుపాను కాకినాడ ప్రాంతంలో తీరం దాటినప్పుడు హైదరాబాద్‌లో పట్టపగలు జనం స్వెట్టర్లు వదల్లేదు. మబ్బు, తేమగాలి, ఎండలేని పగలు కలిసి వణికించాయి. కనిష్ఠం మాత్రం రికార్డుల దరిదాపుల్లోకి కూడా పోలేదు. ఒంటికి తగిలిన చలి, పెట్టెలోని అంకె ఇలా వేరు దారులు పడతాయి.

గడిచిన పదిహేనేళ్లలో కొలిచే పని ఒక్క బేగంపేటది కాకుండా పోయింది. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలతో మండల మండలానికీ, నగరంలో పేట పేటకీ గంట గంట అంకెలు ఇస్తోంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలాలు, రాజేంద్రనగర్, హయత్‌నగర్ లాంటి చోట్ల బేగంపేట కన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ రావడం సాధారణం. పొలాల మధ్య కేంద్రంలో ఎనిమిది వస్తే "1946కు చేరువైంది" అని గంతేయడం తప్పు. 1946 అంకెకు సరిజోడు బేగంపేట అంకె మాత్రమే. ఆ బేగంపేట చుట్టూ కూడా ఊరు ముసురుకుంది. అక్కడ జనవరి సగటు కనిష్ఠం 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో చలిగాలులు ప్రకటించడానికి కనిష్ఠం పదికి తగ్గడంతో పాటు, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలైనా దిగువన ఉందా అని చూస్తుంది. ఆ మామూలు ముప్ఫై ఏళ్ల సగటు, కొత్త దశాబ్దం చేరేకొద్దీ అదీ జరుగుతుంది.

నాచారం, ఉప్పల్ కుర్రాళ్లకు ఇక్కడ చేయదగ్గ పని ఉంది. ఉప్పల్‌కు ఆగ్నేయంగా హయత్‌నగర్‌లో మెట్టసాగు పరిశోధన సంస్థ పొలం ఉంది, చుట్టూ ఇంకా కొంత ఖాళీ నేల ఉంది. ఒకే రాత్రి, ఒకే ఆకాశం కింద ఈ రెండు చోట్ల కనిష్ఠం ఎంత తేడాగా ఉందో కేంద్రం పేరుతో, గంటతో సహా పెట్టుకుంటూ పోవాలి. ఉత్తర గాలి వచ్చిన రాత్రులు ఒక వరసలో, మబ్బు పట్టిన రాత్రులు మరో వరసలో. దేశమంతా వేడెక్కితే రెండు అంకెలూ కలిసి పైకి పోతాయి. ఉప్పల్ ఒక్కటే కాంక్రీటుతో వేడెక్కితే వాటి మధ్య ఎడం పెరుగుతుంది. హయత్‌నగర్ పొలాల చుట్టూ కూడా ఇళ్లు లేవకముందే ఆ లెక్క మొదలు కావాలి.