మచ్చల పళ్లకు బాండింగ్ చికిత్స

ముందుపంటి అంచు విరగడం, పళ్ల నడుమ సందు ఉండడం, పంటిపై గోధుమరంగు మచ్చలు ఏర్పడడం ప్రాణానికి ముప్పు తెచ్చేవి కావు. అయినా నోటికి చేయి అడ్డుపెట్టుకొని మాట్లాడే బడిపిల్లలను, పెళ్లిచూపులలో నవ్వడానికి వెనుకాడే ఆడపిల్లలను చూసినవారికి ఇది చిన్న బాధ కాదని తెలుసు. ఇటువంటి పళ్లను తక్కువ ఖర్చుతో, పన్ను పెద్దగా అరగదీయకుండా సరిచేసే పద్ధతులలో డెంటల్ బాండింగ్ ఒకటి.

బాండింగ్ అంటే ఏమిటి?

పంటి రంగులో ఉండే కాంపోజిట్ రెసిన్ అనే మెత్తని పదార్థాన్ని పంటికి అతికించి, ఆకారం దిద్ది, గట్టిపరచడమే బాండింగ్. పంటి పైపొరయైన ఎనామెల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే రెసిన్ దానిని గట్టిగా పట్టుకుంటుందని 1955లో అమెరికా దంతవైద్యుడు మైఖేల్ బ్యూనకోర్ నిరూపించారు. తరువాత రాఫెల్ బోవెన్ రూపొందించిన రెసిన్ నేటి కాంపోజిట్‌కు పునాది అయినది.

చికిత్సా విధానం

వైద్యుడు మొదట పళ్లను శుభ్రపరచి, సహజమైన రంగుకు సరిపోయే రెసిన్‌ను ఎంచుకుంటారు. ఫాస్ఫారిక్ ఆమ్లపు జెల్‌ను పంటిపై 15 నుండి 30 సెకన్ల పాటు ఉంచి, కడిగి, ఆరబెట్టి, జిగురు పూస్తారు. ఆపై రెసిన్‌ను సుమారు 2 మిల్లీమీటర్ల మందం గల పొరలుగా పరచి, ప్రతి పొరను నీలి కాంతితో గట్టిపరుస్తారు. చివరకు నునుపు చేసి మెరుగుపెడతారు. ఒక్కొక్క పంటికి సాధారణంగా 30 నుండి 60 నిమిషాలు పడుతుంది. చాలా సందర్భాలలో మత్తు సూది అవసరం ఉండదు.

ఫ్లోరైడ్ మచ్చల సంగతి

కోలారు, చిక్కబళ్లాపురం, పావగడ, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాలలోను, సరిహద్దుకు ఇవతల అనంతపురంలోను అనేక గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. ఈ మచ్చలు పైనుండి అంటిన మురికి కావు. పన్ను దవడలో తయారయ్యే దశలోనే ఏర్పడినవి. కనుక ఎంత తోమినా పోవు. ఇటుకపొడితోను, బొగ్గుతోను రుద్దితే ఎనామెల్ అరిగిపోవడమే మిగులుతుంది.

లేత తెల్లమచ్చలకు పైపొరను స్వల్పంగా రాపిడి చేయడమే చాలవచ్చు. గోధుమ మచ్చలకు, చిన్న గుంటలకు బాండింగ్ ఉపయోగిస్తుంది. అయితే ఫ్లోరైడ్ సోకిన ఎనామెల్‌పై ఆమ్లం సరిగా పనిచేయదు కాబట్టి వైద్యుడు దానిని మరికాస్త సిద్ధం చేయవలసి ఉంటుంది. పళ్లు బాగా గుంటలుపడి పెళుసుబారితే తొడుగులే శరణ్యం.

ఎవరికి తగదు?

పిప్పిపళ్లు, చిగుళ్ల వాపు ఉన్నవారు ముందుగా వాటికి చికిత్స చేయించుకోవాలి. నిద్రలో పళ్లు కొరికేవారికి బాండింగ్ త్వరగా విరుగుతుంది. పళ్లను తెల్లపరచుకోదలచినవారు ఆ పని ముందే చేయించుకొని, దాదాపు 2 వారాలు ఆగి బాండింగ్‌కు వెళ్లాలి. రెసిన్ రంగు తరువాత తెల్లబడదు.

మన్నిక, జాగ్రత్తలు

ఇది శాశ్వతం కాదు. సాధారణంగా 3 నుండి 10 ఏళ్లలో మరమ్మతు గాని, మార్పు గాని అవసరమవుతుంది. ఆ ఖర్చును కూడా ముందే లెక్కలోకి తీసుకోవాలి. మొదటి 2 రోజులు టీ, కాఫీ, పసుపు ఎక్కువగా ఉన్న కూరలు మానడం మంచిది. కిళ్లీ, పొగాకు రెసిన్‌కు గార పట్టిస్తాయి. వక్కలు, చెరకు గడలు ముందుపళ్లతో కొరకరాదు.

ఎక్కడ చేయించుకోవాలి?

బెంగళూరు, చెన్నై, హైదరాబాదు, విజయవాడ, కడప నగరాలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నవి. ఒడిశా వారికి కటక్‌లోను, యానాం వారికి పుదుచ్చేరిలోను ప్రభుత్వ దంతవైద్య సంస్థలు ఉన్నవి. ప్రైవేటు వైద్యుని వద్దకు వెళితే రాష్ట్ర దంతవైద్య మండలిలో నమోదైనవారేనా అని విచారించండి. సంతలలో ఆమ్లం రాసి మచ్చలు పోగొడతామనే వారిని నమ్మవద్దు.

ఇంటిలో చిన్నపిల్లలు ఉంటే

పెద్దమ్మాయి పెళ్లికని పళ్లకు పూత వేయించి, అదే బోరు నీటిని చిన్నబిడ్డకు పోస్తూ ఉంటే పదేళ్ల తరువాత అదే ఖర్చు మళ్లీ ఎదురవుతుంది. జ్ఞానదంతాలు మినహా శాశ్వత దంతాల పైభాగాలన్నీ సుమారు 8 ఏళ్ల లోపే రూపొందుతాయి. కాపాడుకోవలసిన వయస్సు అదే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు. వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకే అనుమతి. నీటిని మరగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో నీటిని పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే శుభ్రంగా పట్టిన వాననీటిని గాని, ఆర్‌ఓ యంత్రపు నీటిని గాని పిల్లల తాగుడుకు, వంటకు వాడండి.