మౌంట్ రోడ్డు మీద బీమా మేడ

మద్రాసు మౌంట్ రోడ్డులో ఎల్.ఐ.సి. భవనానికి ప్రారంభోత్సవం జరిగింది 1959 ఆగస్టు 23న.  పత్రిక అనుబంధం వాళ్లు నన్ను అడిగింది హైదరాబాదు కోకాపేటలో యాభై అంతస్తులు దాటిన టవర్ల గురించి. ఆ ప్రారంభోత్సవాన్ని సాకుగా పెట్టుకుని నేను మద్రాసు వైపు జారుకుంటున్నాను. యాభై ఎనిమిది అంతస్తులు లేచినా తలెత్తి చూసే తీరిక లేని ఊళ్లో ఉంటూ, పద్నాలుగంతస్తుల మేడను చూడటానికి జనం ఆగిపోయిన రోజుల గురించి రాయడంలో ఒక సుఖముంది. కోకాపేట కూడా వస్తుంది, కాకపోతే చివర్లో.

ఎత్తు మనవాళ్లకు కొత్తేమీ కాదు. కంచిలో ఏకామ్రేశ్వరుడి రాజగోపురం శ్రీకృష్ణదేవరాయల నాటిది. ఈ బీమా మేడ పక్కన నిలబెడితే గోపురమే పైకి కనిపిస్తుంది. 1516లో రాయలే శ్రీకాళహస్తిలో ఏడంతస్తుల గోపురం ఎత్తించాడు. ఎత్తించిన రాజు పేరు అందరికీ తెలుసు. ఆ తర్వాత వందల ఏళ్లపాటు తాళ్లు కట్టుకుని పైకెక్కి, ఇటుకల సందుల్లో మొలిచిన రావి మొక్కలు పీకినవాడి పేరు ఎవడికి కావాలి? అయినా పాతకాలంవాళ్లు ఈ విషయంలో మనకంటే మెరుగేమో. దీపానికి, నైవేద్యానికి భూమి రాసిచ్చిన దానశాసనాల్లోనే విరిగినవి, పగిలినవి బాగుచేయించడానికని కూడా కేటాయింపు కనిపిస్తుంది. కట్టించినవాడికి ఎంత పుణ్యమో, జీర్ణోద్ధరణ చేసినవాడికి అంతకు మించి అన్నారు. బిల్లు కట్టే మనిషిని ఒప్పించడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఈ రోజుకీ ఎవరూ కనిపెట్టలేదు.

చార్మినార్ సంగతీ అంతే. 1591లో కట్టారని బడిపిల్లలు కూడా చెబుతారు. మొఘల్ సుబేదార్ల కాలంలో పిడుగు పడి నైరుతి మూల మినారు దెబ్బతింటే 60,000 రూపాయలు పెట్టి బాగుచేయించారు. 1824లో లక్ష రూపాయలతో కొత్తగా గచ్చు చేయించారు. రెండున్నర శతాబ్దాల సంరక్షణలో ఎక్కువగా చెప్పుకునే పద్దులు ఈ రెండే. 2019 మే నెలలో ఒక వాన రాత్రి అదే నైరుతి మినారు నుంచి పెచ్చు ఊడిపడింది. పాపం, ఆ మూలకే ఏదో ఉంది.

ఇక్కణ్నుంచి ఒక్క గెంతులో ఇంగ్లీషువాళ్ల మద్రాసుకు వద్దాం. 1892లో హైకోర్టు భవనం పూర్తయింది. రెండేళ్ల తర్వాత దాని గుమ్మటం మీదే దీపస్తంభం వెలిగింది. కింద న్యాయవాదులు వాదించుకుంటుంటే పైన దీపం ఓడలకు దారి చూపించేది. 1977 దాకా ఆ దీపం పనిచేసింది. ఊళ్లో ఎత్తైనది ఏదంటే చాలాకాలం దాన్నే చూపించేవారు.

అసలు కథ మొదలయ్యేలోపు షికాగో మాట ఒకటి చెప్పాలి. గోడల మీద బరువు మోపి కట్టుకుంటూ పోతే ఎత్తు పెరిగేకొద్దీ కింద గోడ లావెక్కుతుంది. షికాగోలో 1891 నాటి మొనాడ్నాక్ భవనం పదహారంతస్తుల ఇటుక కట్టడం. నేల దగ్గర దాని గోడ మందం ఆరడుగులు. అంతకుముందే, 1885లో, అదే ఊళ్లో హోమ్ ఇన్సూరెన్స్ భవనానికి లోపల లోహపు చట్రం నిలబెట్టారు. పందిట్లో బరువంతా రాటలది, తడికలది కేవలం చాటు. ఇదీ అంతే. మొదటి ఆకాశహర్మ్యంగా పేరుపడ్డ ఆ భవనాన్ని 1931లో కూల్చేశారు. న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ తలుపులు తెరిచిందీ ఆ ఏడే. ఆకాశహర్మ్యాల వంశానికి మూలపురుషుడు నలభై ఆరేళ్లకే కాలం చేశాడన్నమాట.

అది బీమా కంపెనీ భవనమని గమనించారా? న్యూయార్కులో 1909లో ప్రపంచంలోకెల్లా ఎత్తైనదిగా లేచిన 700 అడుగుల గోపురం కూడా మెట్రొపాలిటన్ లైఫ్ అనే బీమా కంపెనీదే. ఇందులో కిటుకుంది. ఇరవై ఏళ్లపాటు ప్రీమియం కట్టు, నువ్వు పోయాక నీ పిల్లలకు డబ్బిస్తాం అని చెప్పే కంపెనీ అప్పటిదాకా ఉంటుందని జనం నమ్మాలి. ఆ నమ్మకం కాగితం మీద కుదరదు, కళ్లకు కనిపించాలి. మద్రాసులో ఈ మర్మం తెలిసిన మనిషి ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియారు.

నాట్టుకోట్టై చెట్టియార్ల వంశంలో 1908లో పుట్టాడు. 1937 ఫిబ్రవరి 10న కారైకుడి, మద్రాసు, రంగూన్ మూడు చోట్లా ఒకే రోజు తలుపులు తెరిచిన ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు ఆయనదే. యునైటెడ్ ఇండియా లైఫ్ అనే బీమా కంపెనీ కూడా ఆయన చేతిలో ఉండేది. దానికి మౌంట్ రోడ్డు మీద దేశంలో ఎవరికీ లేనంత ఎత్తు భవనం కట్టాలనుకున్నాడు. బ్రౌన్, మౌలిన్ అనే లండన్ ఆర్కిటెక్టుల చేత ప్లాను గీయించాడు. మొదట అనుకున్నవి 18 అంతస్తులంటారు.

పని మొదలైంది 1953లో. తెలుగువాళ్లకు ఆ సంవత్సరాన్ని వేరే గుర్తుచేయనక్కర్లేదు. అంతకుముందు డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణం పోయింది. ‘మద్రాసు మనదే’ అని గొంతులు పోయేలా అరిచినా మద్రాసు మనది కాలేదు. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలు. కొత్త ప్రభుత్వపు ఆఫీసులకు చోటు చాలక గుడారాలు వేశారు. గుమాస్తాలు కర్నూలు ఎండలో గుడారాల కింద ఫైళ్లు విప్పుకుంటున్న ఆ రోజుల్లోనే, మనం వదిలిపెట్టి వచ్చిన ఊళ్లో దేశంలోకెల్లా ఎత్తైన మేడకు పునాదులు పడుతున్నాయి. చరిత్ర ఒక్కోసారి మరీ ఎకసెక్కాలాడుతుంది.

గుంతలు తవ్వుతుండగానే యజమాని పోయాడు. 1954 మార్చి 13న సింగపూరులోని కల్లాంగ్ విమానాశ్రయంలో దిగబోయిన బి.ఓ.ఎ.సి. విమానం కూలి మంటల్లో చిక్కుకుంది. చనిపోయిన 33 మందిలో చిదంబరం చెట్టియారు ఒకరు. ఆయనకు నలభై ఆరు కూడా నిండలేదు. బీమాను అమ్మిన మనిషి అలా పోవడం మీద వ్యాఖ్యానం అక్కర్లేదు. పని మాత్రం ఆగలేదు.

రెండేళ్లకు కంపెనీ కూడా పోయింది. 1956 జనవరి 19న జీవిత బీమాను ప్రభుత్వం చేతిలోకి తీసుకుంటూ ఆర్డినెన్సు వచ్చింది. ఆ సెప్టెంబరు 1న 245 సంస్థలు కలిసి భారతీయ జీవిత బీమా సంస్థ అయ్యాయి. యునైటెడ్ ఇండియా లైఫ్ అందులో కలిసిపోయింది, సగం లేచిన మేడతో సహా. లండన్ ఆర్కిటెక్టులు తప్పుకున్నారు. మద్రాసు ఆర్కిటెక్టు ఎల్.ఎం. చితాలే చేతికి పని వచ్చింది. అంతస్తులు తగ్గాయి. ఎన్ని మిగిలాయంటే లెక్కపెట్టే మనిషిని బట్టి ఉంటుంది. పద్నాలుగన్నవాళ్లున్నారు, పదిహేనన్నవాళ్లున్నారు. ఎత్తు 177 అడుగులు.

ప్రారంభోత్సవం వెనుక ఇంకో కథ ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. కొత్తగా పుట్టిన ఎల్.ఐ.సి. 1957లో హరిదాస్ ముంద్రా అనే కలకత్తా వ్యాపారి కంపెనీల్లో కోటీ 24 లక్షల రూపాయల షేర్లు కొంది. నష్టాల్లో ఉన్న కంపెనీలవి. పార్లమెంటులో ఫిరోజ్ గాంధీ లేచి మామగారి ప్రభుత్వాన్నే నిలదీశాడు. జస్టిస్ చాగ్లా బహిరంగ విచారణ జరిపాడు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆయనెవరో కాదు, మద్రాసువాసి టి.టి. కృష్ణమాచారి. ఆ కుర్చీలోకి మొరార్జీ దేశాయి వచ్చాడు. మరుసటి ఏడాది మౌంట్ రోడ్డుకొచ్చి భవనాన్ని ప్రారంభించింది ఆయనే. కలలు కన్నవాడు సింగపూరులో పోయాడు, గీసినవాళ్లు లండన్లో ఉండిపోయారు, సొంత ఊళ్లో రిబ్బను కత్తిరించాల్సినవాడు ముంద్రా దెబ్బకు ఇంట్లో కూర్చున్నాడు. చివరికి కత్తెర గుజరాతీ చేతికొచ్చింది.

దేశంలో మొదటి స్థానం రెండేళ్లే నిలిచింది. 1961లో బొంబాయిలో ఉషాకిరణ్ లేచి దీన్ని దాటిపోయింది. కానీ ఆ సంగతి మన పల్లెలకు చేరనే లేదు. మద్రాసు వెళ్లొచ్చానంటే చాలు, ‘ఎల్.ఐ.సి. చూశావుట్రా?’ అనేవారు. సినిమా వేషాల కోసం వెళ్లినవాళ్లు, పెద్దాసుపత్రికి వెళ్లినవాళ్లు, చీరలకని వెళ్లినవాళ్లు, అందరూ ఆ మేడ ఎదురుగా కాసేపు నిలబడి రావాల్సిందే. తెలుగు సినిమాలు మద్రాసులో తయారైనన్నాళ్లూ హీరో పట్నం చేరాడని చెప్పడానికి డైలాగు అక్కర్లేదు. సెంట్రల్ స్టేషను గడియారం, వెంటనే కింది నుంచి పైకి ఎల్.ఐ.సి. చూపిస్తే సరి. చెట్టియారు పెట్టిన ఖర్చుకు ఇంత ప్రకటన ఉచితంగా వస్తుందని ఆయన కూడా ఊహించి ఉండడు. ఊరి ఏజెంటు సైకిల్ మీద వచ్చి పాలసీ రాయించుకున్న రైతుకు, తన డబ్బు ఆ మేడలో భద్రంగా ఉందనే ధీమా.

1975లో ఆ భవనం అంటుకుంది. పెద్ద మంటే. అంత ఎత్తుకు నీళ్లు ఎలా కొట్టాలో అప్పటికి ఊళ్లో ఎవరికీ అలవాటు లేదు. దేశానికి జాతీయ భవన నియమావళి వచ్చి అప్పటికి ఐదేళ్లే. కూల్చేయవచ్చు. కూల్చలేదు, బాగుచేసి మళ్లీ ఆఫీసులు పెట్టుకున్నారు. 2023 ఏప్రిల్ 2న, ఆదివారం, పైన ఉన్న నామఫలకం షార్ట్ సర్క్యూట్‌తో తగలబడితే నిచ్చెన వాహనం తెచ్చి ఆర్పారు. మద్రాసు గాలిలో ఉప్పుంటుంది. ఆ ఉప్పు తేమతోపాటు కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప చువ్వలను పట్టుకుంటుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటును పెచ్చులుగా నెట్టేస్తుంది. సముద్రం పక్క కట్టిన ప్రతి మేడకూ ఈ జబ్బు రాసిపెట్టి ఉంది. అయినా ఆ భవనం ఇంకా అక్కడే ఉంది, ఇంకా ఎల్.ఐ.సి. ఆఫీసే. దానికి ఒకే యజమాని కాబట్టి.

ఆ తర్వాత మేడల మరమ్మతు కథ వరస తప్పుతుంది. ఎక్కడెక్కడో ఏవేవో జరుగుతుంటాయి. 1979లో న్యూయార్కులో ఒక భవనం ముంగిలి నుంచి ముక్క ఊడి కింద నడుస్తున్న కాలేజీ అమ్మాయి చనిపోయింది. మరుసటి ఏడాదే, ఆరంతస్తులు దాటిన ప్రతి భవనం ముఖభాగాన్నీ ఐదేళ్లకోసారి పరీక్షించాలని ఆ నగరం చట్టం చేసింది. ఫలితంగా అక్కడి కాలిబాటల మీద రక్షణ పందిళ్లు మొలిచాయి. మరమ్మతు కంటే పందిరే చవక కావడంతో కొన్ని ఇరవై ఏళ్లు దాటినా కదల్లేదు. 2010 మే 26న మన శ్రీకాళహస్తి రాజగోపురం కూలింది. పగుళ్లు పెద్దవవడం ముందే చూసి చుట్టుపక్కల ఖాళీ చేయించారు కాబట్టి సరిపోయింది. 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకమైంది. 2021 జూన్‌లో ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో సముద్రం ఒడ్డున పన్నెండంతస్తుల అపార్టుమెంటు అర్ధరాత్రి దాటాక కుప్పకూలి 98 మంది పోయారు. 1981లో కట్టిన భవనమది. నలభై ఏళ్ల తనిఖీ గడువు నెత్తి మీదుంది. మరమ్మతులకు కోటిన్నర డాలర్లవుతాయని తేలాక ఇంటికెంత వంతు అని వాటాదారులు తేల్చుకుని, పని మొదలుపెట్టేలోపే కూలింది. ఆ పైఏడాది ఫ్లోరిడా చట్టం మార్చి మరమ్మతుల నిధిని తప్పనిసరి చేసింది.

ఇదుగో, కోకాపేట. 2006లో హైదరాబాదు నిర్మాణ విస్తీర్ణంపై పరిమితి ఎత్తేసింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, విమానాశ్రయం వాళ్ల అనుమతి కుదిరితే ఎంతైనా లేపొచ్చు. లేపుతున్నారు. బాగానే లేపుతున్నారు కూడా, కాంక్రీటు నాణ్యతలో 1959తో పోలికే లేదు. తేడా యాజమాన్యంలో ఉంది. ఒక్క టవరుకు వందల మంది యజమానులు. నిర్మాణ లోపం బయటపడితే బిల్డరును పట్టుకోవడానికి రెరా చట్టం ఇచ్చిన గడువు ఐదేళ్లు. ఆరో ఏడు నుంచి లిఫ్టులు, పంపులు, మంటలార్పే గొట్టాలు, బయటి అద్దాలు అన్నీ సంఘం నెత్తిన. నెలవారీ మెయింటెనెన్సు చదరపుటడుక్కి అర్ధరూపాయి పెంచుదామంటే వాట్సప్ గ్రూపులో కురుక్షేత్రం మొదలవుతుంది. కార్పస్ ఫండు వడ్డీతో పెయింటింగు వేయించాలా, జిమ్ము మార్చాలా అన్నది రెండో పర్వం.

అమీర్‌పేటలోనో హిమాయత్‌నగర్‌లోనో నాలుగంతస్తుల పాత ఫ్లాట్లు శిథిలమైతే ఒక దారుంది. బిల్డరొస్తాడు, పాతది కూల్చి పదంతస్తులు కడతాడు, పాతవాళ్లకు కొత్త ఇళ్లిచ్చి మిగిలినవి అమ్ముకుంటాడు. స్థలంలో వాడని ఎత్తు మిగిలి ఉంది కాబట్టి ఆ లెక్క కుదురుతుంది. యాభై ఎనిమిదంతస్తుల మేడ పాతబడినప్పుడు అమ్ముకోవడానికి పైన ఎత్తు మిగలదు, ఒక్కో ఇంటికి కింద వచ్చే నేల వాటా నాలుగు మంచాలు పట్టేంత. దాన్ని కూల్చడానికి అయ్యే ఖర్చు ఎవరిది, కూల్చకుండా నిలబెట్టడానికి అయ్యే ఖర్చు ఎవరిది అని ఇల్లు కొనేవాళ్లు ఇంకా అడగడం మొదలుపెట్టలేదు. సేల్స్ ఆఫీసులో వాళ్లు అడిగేవి ప్రస్తుతానికి మూడే: తూర్పు ముఖమా, రెండు కార్లు పడతాయా, గండిపేట కనిపిస్తుందా.