నిప్పురవ్వ నడచిన దారి

ఈనాటి పెట్రోలు కారులో స్పార్కు ప్లగ్గు మార్చాలంటే మొదట చేయి పడేది ప్లగ్గు మీద కాదు. చాలా కార్లలో ఇంజను నెత్తిన వరుసగా కూర్చున్న కాయిళ్ళ మీద, వాటికి తగిలించిన చిన్న ప్లాస్టిక్ కనెక్టర్ల మీద. కనెక్టరు ఊడదీసి, మర విప్పి, కాయిలును పైకి లాగితే గాని అడుగున ఉన్న ప్లగ్గు దర్శనమివ్వదు. జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పుకున్నవాడికి ఈ గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. పదవిభాగం కూడా మా పాఠంలోనిదే కదా!

కాయిలు కథ కారు కంటే పాతది. మారే అయస్కాంత క్షేత్రం తీగలో విద్యుత్తు పుట్టిస్తుందని ఫారడే 1831లో చూపించాడు. ఐర్లండులోని మేనూత్ కళాశాలలో బోధించిన నికొలస్ కాలన్ అనే మతగురువు 1836లో ఇనుము మీద దొడ్డు తీగను కొన్ని చుట్లు, సన్న తీగను బోలెడు చుట్లు చుట్టాడు. దొడ్డు తీగలో ప్రవాహాన్ని చటుక్కున తెంచితే సన్న తీగలో వోల్టేజి ఎగసిపడింది. రవ్వను పుట్టించేది ప్రవాహం కాదు, ప్రవాహం తెగిపోవడం! ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పారిస్‌లో స్థిరపడిన జర్మను పనివాడు రూంకార్ఫ్ ఆ పరికరానికి మెరుగులు దిద్దగా, 1860లో లెన్వార్ తన గ్యాసు ఇంజనులో దానితోనే నిప్పు రాజేశాడు.

నిప్పు పుట్టించడం ఒక ఎత్తు, సరైన క్షణాన పుట్టించడం మరొక ఎత్తు. డైమ్లర్ తన 1885 నాటి వాహనంలో ఎర్రగా కాలిన గొట్టంతో వాయువును అంటించాడు. గొట్టానికి వేళాపాళా తెలియదు. 1886లో పేటెంటు పొందిన బెంజ్ మాత్రం కాయిలునే నమ్ముకున్నాడు. మాగ్నెటో కథ విడిగా చెప్పుకోవలసినంత పెద్దది కనుక దాటవేస్తున్నాను.

1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారులో సిలిండరుకు ఒకటి చొప్పున నాలుగు కాయిళ్ళు, నాలుగు చెక్కపెట్టెలలో, తుమ్మెదల్లా రొద చేసేవి. ఒక కాయిలును తీయాలంటే ఏ తీగా ఊడదీయనక్కరలేదు. పెట్టె ఒంటి మీది లోహపు బొడిపెలు గూటిలోని స్ప్రింగు రేకులకు ఆనుకుని ఉండేవి. పైకి లాగితే వచ్చేది. రవ్వ ముందు పడాలా, వెనుక పడాలా అన్నది మాత్రం డ్రైవరు ఇష్టం. స్టీరింగు చక్రం కింద ఎడమవైపు మీట అందుకే ఉండేది.

అమెరికాలో డేటన్ నగరపు కెటరింగ్ ఈ గుంపును రద్దు చేశాడు. 1910 మోడల్ కాడిలాక్‌తో మొదలైన ఆయన పద్ధతి నుంచే, ఒక్క కాయిలు, తెరుచుకుని మూసుకునే పాయింట్లు, రవ్వను వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటరు అనే కూర్పు స్థిరపడింది. క్రమంగా రవ్వ వేళను డిస్ట్రిబ్యూటరులోని చిన్న బరువులే సవరించసాగాయి. డ్రైవరు మీట మాయమైంది. మన అంబాసిడరు బానెట్ ఎత్తితే కనిపించిన లావాటి నల్లతీగలు ఈ వంశానివే. వేల వోల్టులు వాటిలోనే నడిచేవి. ప్లగ్గు మార్చేవాడు ఊడదీసింది ఆ తీగలనే. ఒకటి, మూడు, నాలుగు, రెండు అన్న వరుస తప్పి తిరిగి తగిలిస్తే ఇంజను దగ్గి తుమ్మి ఊరుకునేది. ఆ రోజుల మెకానిక్కు డిస్ట్రిబ్యూటరును చేత్తో వెంట్రుకవాసి తిప్పి, చెవితో టైమింగు కుదిర్చేవాడు. అది విద్య.

పాయింట్లు అరుగుతాయి, అరిగితే రవ్వ వేళ తప్పుతుంది, పొగ పెరుగుతుంది. పొగ మీద చట్టాలు వచ్చాక పాయింట్ల కాలం చెల్లింది. 1973 మోడళ్ళకు క్రైస్లర్ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది. తరువాత కంప్యూటరు రాగా డిస్ట్రిబ్యూటరే అనవసరమైంది. 1980ల చివరలో సాబ్ ప్రతి ప్లగ్గు నెత్తిన ఒక కాయిలును కూర్చోబెట్టింది. ఇప్పుడు ఆ పెద్ద వోల్టేజికి బయట దారి లేదు. రబ్బరు తొడుగులోని చిన్న స్ప్రింగు గుండా నేరుగా ప్లగ్గులోకి దిగుతుంది. మనం ఊడదీసే కనెక్టరులో ఉండేది బ్యాటరీ పన్నెండు వోల్టులు, కంప్యూటరు పంపే ఆజ్ఞ, అంతే.

ఫోర్డు నాలుగు పెట్టెలే తిరిగి వచ్చాయని కొందరంటారు. నేను ఒప్పుకోను. రూపం ఒకటే గాని అక్కడ వేళ మనిషి చేతిలో ఉన్నది.

నా దగ్గర చదివిన ఒకాయన మెకానిక్కు షెడ్డు నడుపుతున్నాడు. తండ్రిది చెవితో టైమింగు కుదిర్చిన తరం. మొన్న నా కారు పని చేస్తూ, "టైమింగు ఇప్పుడు మా చేతిలో లేదండి మాస్టారూ. ఈ క్లిప్పు విరగకుండా తీయడమే మా చేతిలో ఉన్నది" అన్నాడు. ఏళ్ళ తరబడి ఇంజను వేడికి ఆ ప్లాస్టిక్ నాలుక అప్పడంలా పెళుసెక్కుతుంది. విరిగితే కనెక్టరు అదురుకు వదులై ఒక సిలిండరు మొరాయిస్తుంది. తాళంచెవి తీసి, ఇంజను చల్లారేదాకా ఆగాడు. కనెక్టరును ముందుగా కాయిలు వైపు కొద్దిగా నెట్టి, బిగువు తగ్గాక నాలుక నొక్కి, తీగలను ముట్టకుండా ఒళ్ళు పట్టుకుని లాగాడు. కొన్నిటికి రెండో గడియ కూడా ఉంటుందట, దానిని ముందే జరపాలట. మర విప్పాక కాయిలును అటూ ఇటూ కొంచెం తిప్పి, నిటారుగా పైకి తీశాడు.

ప్లగ్గులు మార్చి అన్నీ తిరిగి కూర్చాడు. టక్కుమనే చప్పుడు నాలుగుసార్లు విన్నాక గాని బానెట్ దించలేదు.